తక్కువ ఖర్చులో కొత్త దేశం: నా స్టాంపుల ఆల్బంలోకి చెకోస్లోవేకియా

భారతదేశపు స్టాంపులు సేకరించేవారికి ఏదో ఒక దశలో చేయి ఆగిపోతుంది. 1947 నవంబరు 21న వెలువడిన మూడున్నర అణాల జాతీయ జెండా స్టాంపు మొదలుకొని ఇటీవలి వరకు వచ్చినవి చాలామటుకు చేరిన తరువాత మిగిలే ఖాళీలన్నీ ఖరీదైనవే. 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీ స్టాంపుల్లో పది రూపాయలది మచ్చలేకుండా కావాలన్నా, 1854 నాటి లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) స్టాంపుల్లో అంచులు సరిగా ఉన్నది ఒక్కటి కావాలన్నా, నెలకు అయిదు వందల రూపాయలకు మించి ఈ వ్యసనానికి కేటాయించలేని నాబోటివాడు నెలల తరబడి ఏమీ కొనకుండా కూర్చోవాలి. మరోవైపు కొత్త స్టాంపులు, మినియేచర్ షీట్లు ఏటా వస్తూనే ఉంటాయి. వాటిని కొనుక్కోవడం చందా కట్టినట్టు ఉంటుందే తప్ప వెతికి పట్టుకున్న సంతోషం అందులో ఉండదు. అందుకని భారతదేశపు ఆల్బం ఎక్కడిది అక్కడే ఉంచి, నా బడ్జెట్‌లో కొన్నేళ్లపాటు చేతినిండా పని కల్పించే మరో దేశం కోసం వెతికాను. ఆ వెతుకులాటలో ఏ దేశాన్ని ఎందుకు వదిలేశానో, చివరికి చెకోస్లోవేకియా దగ్గర ఎందుకు ఆగానో చెప్పడానికే ఈ వ్యాసం.

చవక అన్నమాటను ముందుగా కాస్త విడదీసి చూడాలి. అజ్మాన్, ఫుజైరా, షార్జా వంటి గల్ఫ్ షేక్‌డమ్‌ల పేరిట 1960లలోనూ 1970ల మొదట్లోనూ ఏజెన్సీలు గుట్టలుగా అచ్చువేయించిన రంగురంగుల స్టాంపులు ఇప్పటికీ కారుచౌకగా దొరుకుతాయి. వాటిమీద రాకెట్లు, పూలు, పక్షులు, ఒలింపిక్ క్రీడలు, ప్రసిద్ధ చిత్రాలు అన్నీ ఉంటాయి. అయితే వాటిలో అత్యధిక భాగం ఆ ఎడారి పట్టణాల్లో ఏ ఉత్తరం మీదా ప్రయాణించలేదు, పెద్ద కేటలాగులు కూడా వాటిని పూర్తి వివరాలతో నమోదు చేయడానికి చాలాకాలం ఇష్టపడలేదు. వంద కొన్నా వెయ్యి కొన్నా వాటిలో ఒకదానికీ మరొకదానికీ నడుమ పోల్చి చూడదగినది నాకు ఏమీ కనిపించదు. ఇలాంటి చవక నాకు అక్కరలేదు. ఒక స్టాంపు లక్షల సంఖ్యలో అచ్చయి, నిజంగా ఉత్తరాల మీద తిరిగి, ఇప్పటికీ విరివిగా దొరకడం వల్ల చవకగా ఉండడం వేరు. అలాంటి స్టాంపులో రంగుల భేదాలు, పెర్ఫరేషన్ (అంచుల్లోని చిల్లుల వరస) తేడాలు, ముద్రణ ఫలకాల గుర్తులు, తపాలా ముద్రలు దాగి ఉంటాయి. డబ్బుకు బదులుగా కంటినీ సమయాన్నీ వెచ్చించగలిగినవాడికి అక్కడ పని దొరుకుతుంది.

కేటలాగు ధరల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ప్రతి పెద్ద కేటలాగులోనూ అతి సాధారణమైన స్టాంపుకు ఒక కనీస ధర వేస్తారు. అది స్టాంపు విలువ కాదు, దాన్ని వెతికి, వేరుచేసి, కవరులో పెట్టి అమ్మే వ్యాపారి శ్రమకు కట్టిన వెల. కాబట్టి పేజీల కొద్దీ కనీస ధరే కనిపించే దేశాన్ని విడివిడి స్టాంపులుగా కొంటే తప్పకుండా ఎక్కువ పెట్టినట్టే అవుతుంది, కలగలుపు లాటుగా కొంటే ఆ ధరలో చిన్న వంతుకే వస్తుంది. దేశాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేది మొత్తం కేటలాగు విలువను కాదు, కనీస ధరలో ఉన్న స్టాంపులకూ ఆ పై మెట్టులో ఉన్నవాటికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదాన్ని. మొదటి ఏడాదిలోనే చవకవన్నీ పూర్తయిపోయి, మిగతావన్నీ వేల రూపాయలు పలికే దేశమైతే, అందులో దిగడమంటే ఇప్పుడున్న ఇబ్బందినే మళ్లీ కొనితెచ్చుకోవడం.

సరిగ్గా ఆ కారణంగానే మనసుకు ఎంతో దగ్గరైన నిజాం సంస్థానపు స్టాంపులను ప్రధాన సేకరణగా పెట్టుకోలేకపోయాను. హైదరాబాదు సంస్థానం 1869 నుంచి సొంత స్టాంపులు వేసుకుంది. 1931లో వచ్చిన చిత్రాల సెట్టులో ఒక అణా మీద చార్మినారు, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ప్రవేశద్వారం, పన్నెండణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాదు స్తంభం ఉంటాయి. వాడిన చిన్న విలువలు ఇప్పటికీ హైదరాబాదులో పాత నాణేలు అమ్మేవారి దగ్గర సులభంగా దొరుకుతాయి. కానీ అవి త్వరగానే పూర్తవుతాయి. తరువాత మిగిలేవి తొలినాటి స్టాంపులు, అరుదైన పెర్ఫరేషన్లు, ‘సర్కారీ’ అని ఉర్దూలో ఓవర్‌ప్రింట్, అంటే అచ్చయిన స్టాంపు మీద మళ్లీ అచ్చు, వేసిన ఆఫీసు స్టాంపులు. ఓవర్‌ప్రింట్ అన్నది నకిలీ చేయడానికి ఎప్పుడూ సులువే కాబట్టి, వాటిలో నమ్మకంగా కొనాలంటే నాకున్నదానికంటే ఎక్కువ అనుభవమూ డబ్బూ కావాలి. ఉన్న రెండు స్టాక్‌బుక్ పేజీలను పక్కన అలాగే ఉంచుకున్నాను, కానీ అవి పెరుగుతాయన్న ఆశ పెట్టుకోలేదు.

1923 నాటి జర్మనీ నన్ను గట్టిగా ఆకర్షించింది. ఆ ఏడాది మార్కు విలువ ఎలా కూలిపోయిందో చెప్పడానికి ఆర్థిక శాస్త్ర గ్రంథం అక్కరలేదు, దేశంలోపల మామూలు ఉత్తరానికి పట్టిన టపా ఖర్చు చాలు. ఆగస్టు 1న వెయ్యి మార్కులు, నవంబరు 1న పది కోట్ల మార్కులు, నాలుగు రోజుల తరువాత నూరు కోట్లు, నవంబరు 26న ఎనిమిది వేల కోట్లు. ప్రెస్సులు కొత్త విలువలు అచ్చువేసే లోపే అవి పాతబడిపోతుంటే, పాత స్టాంపుల మీద వేలు, లక్షలు, కోట్ల అంకెలు నల్లగా ఓవర్‌ప్రింట్ వేసి అమ్మారు. చివరికి అయిదు వేల కోట్ల మార్కుల స్టాంపు కూడా వచ్చింది. వాడని స్టాంపులు ఇప్పటికీ కట్టలు కట్టలుగా దొరుకుతాయి, దాదాపు మొత్తం ఏడాదిని ఒక నెల బడ్జెట్‌తో సంపాదించవచ్చు. చిక్కంతా వాడినవాటితోనే. కొన్ని విలువలు కొద్ది రోజులే చెలామణిలో ఉండడం వల్ల నిజంగా వాడినవి వాడనివాటికంటే ఎన్నో రెట్లు అరుదు. అందువల్ల వాడని చవక స్టాంపు మీద దొంగ తపాలా ముద్ర కొట్టి అమ్మడం అప్పటినుంచీ సాగుతూనే ఉంది. జర్మనీలో దీనికోసమే ప్రత్యేకంగా నిపుణులు ఉన్నారు, వారు పరీక్షించి గుర్తు వేసిన స్టాంపుకే విలువ. చిన్న స్టాంపును అంతదూరం పంపి పరీక్ష చేయించుకునే ఖర్చు స్టాంపు ధరకంటే ఎక్కువవుతుంది.

మరి వాడనివే సేకరించవచ్చు కదా అని అడిగేవారు కోస్తా జిల్లాల వానాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఇంట్లో జిగురుతో ఉన్న పాత స్టాంపును కాపాడడం ఒక నిత్యకృత్యం. జూలై వచ్చేసరికి జిగురు చెమ్మ పీల్చుకొని స్టాంపు పేజీకి అంటుకుంటుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, కొన్నేళ్లు గడిస్తే పెర్ఫరేషన్ పళ్ల దగ్గర తుప్పురంగు చుక్కలు మొదలై లోపలికి పాకుతాయి. సిలికాజెల్ పొట్లాలు, గాలి చొరబడని డబ్బాలు, అప్పుడప్పుడు ఫ్యాను కింద ఆల్బం తెరిచి పెట్టడం, ఇవన్నీ చేసినా పూర్తి భరోసా ఉండదు. అందుకని ఏ దేశమైనా సరే, వాడిన స్టాంపులే సేకరించాలని నిశ్చయించుకున్నాను. యూరపు సేకరణకర్తలు రాసే సలహాల్లో ఈ వాతావరణం ప్రసక్తి సాధారణంగా కనిపించదు, కానీ మనకు ఇది ధరతో సమానమైన విషయం. ఈ ఒక్క కారణంతో, వాడనివి చవకగానూ వాడినవి ప్రమాదకరంగానూ ఉండే 1923 జర్మనీ నా జాబితాలోంచి తప్పుకుంది.

సోవియట్ యూనియన్‌ను కూడా తీసుకోవచ్చు. 1991తో ముగిసిన దేశం, మన దేశంలో పాత ఆల్బం లేని ఇంట కూడా దాని స్టాంపులు కనబడతాయి. కానీ మొత్తం సుమారు ఆరు వేల స్టాంపులు, అందులో మొదటి పాతికేళ్లవాటిలో చాలావి దుర్లభం. స్వీడన్ స్టాంపులను, ముఖ్యంగా వెయ్యికి పైగా స్టాంపులు చెక్కిన చెస్లావ్ స్లానియా పనితనాన్ని, చూసి మురిసిపోవడమే తప్ప స్వీడన్ ఇంకా కొత్త స్టాంపులు వేస్తూనే ఉంది కాబట్టి దాన్ని మొదలుపెట్టలేదు.

చెకోస్లోవేకియా ఈ వడపోతలన్నిటిలోనూ నిలిచింది. 1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం విడిపోయినప్పుడు పుట్టి, యుద్ధకాలంలో కొన్నేళ్లు మాయమై, 1992 డిసెంబరు చివరితో ముగిసిన దేశం అది. కాబట్టి రేపు ఉదయం కొత్త స్టాంపు వచ్చి నా జాబితా పొడిగించే ప్రమాదం లేదు. మొత్తం స్టాంపులు సుమారు మూడు వేలు. తమ తపాలా స్టాంపులను విదేశీ సేకరణకర్తలకు పెద్దయెత్తున అమ్మడం ఆ ప్రభుత్వ విధానం కావడం వల్ల యుద్ధం తరువాతివి ప్రపంచమంతా పరుచుకొని ఉన్నాయి. మన ఊళ్లలో వంద స్టాంపుల ప్యాకెట్టు కొన్నా హంగరీ, పోలెండులతో పాటు వీటివి కొన్ని రాక మానవు.

తొలి స్టాంపు దగ్గరే నేను ఎక్కువకాలం ఉండిపోయాను, ఇంకా అక్కడే ఉన్నాను. కొత్త రిపబ్లిక్‌కు మొదటి స్టాంపులు గీసినవాడు అల్ఫోన్స్ ముఖా, పారిస్ నాటకశాలల పోస్టర్లతో అప్పటికే పేరుపొందిన చిత్రకారుడు. ప్రాగ్ నగరం మీద నిలిచే హ్రాడ్చానీ కోట, ముందు ఇళ్ల కప్పులు, చుట్టూ ఆకులు అల్లిన అలంకారం, ఇదీ బొమ్మ. మొదటి రెండు విలువలు, అయిదు, పది హలేరులవి (హలేరు అక్కడి చిల్లర నాణెం), 1918 డిసెంబరు 18న వెలువడ్డాయి. తొలి డిజైనులో కోట వెనుక సూర్యుడు ఉదయిస్తున్నట్టు గీశాడు. కోటను ఆ వైపునుంచి చూసినప్పుడు సూర్యుడు అక్కడ ఉదయించే వీలే లేదని విమర్శ వచ్చింది, తరువాతి రూపాల్లో సూర్యుడు లేడు. ఒక హలేరు నుంచి వెయ్యి హలేరుల వరకు విలువలు, అయిదు రకాల డిజైన్లు, కొన్ని విలువలు ఒకసారి ఒక రంగులోనూ ఆ తరువాత మరో రంగులోనూ. మొదట పెర్ఫరేషన్ లేకుండా అమ్మి, తరువాత పెర్ఫరేషన్ వేశారు. తపాలాశాఖ వేయించినదాంతో పాటు ప్రైవేటుగా వేయించుకున్నవి కూడా ఉన్నాయి కాబట్టి, పెర్ఫరేషన్ గేజి ముందు పెట్టుకొని రెండు సెంటీమీటర్లకు చిల్లులు పదకొండున్నరా, పదమూడు ముప్పావా అని లెక్క చూసే పని ఎప్పుడూ ఉంటుంది.

భూతద్దం కింద ఈ స్టాంపు మరింత తెరుచుకుంటుంది. అలంకారంలోని చుట్ల చివర ఉండే మెలిక కొన్ని స్టాంపుల్లో ఒక రకంగా, మరికొన్నింటిలో ఇంకో రకంగా ఉంటుంది. ఒక్కో షీటులో వంద స్టాంపులు, ఒక్కో స్థానానికి ఒక్కో చిన్న లోపం: ఆకు చివర తెగిన గీత, అంకె లోపల తెల్ల చుక్క, చట్రం మూలన విరుపు. వీటిని బట్టి ఏ స్టాంపు షీటులో ఏ స్థానానిదో గుర్తించి వందనూ తిరిగి పేర్చడం చాలామంది చేస్తున్న పని. ఈ పని లాటుల్లో అతి చవకగా వచ్చే సాధారణ విలువలతోనే చేయవచ్చు, నిజానికి వాటితోనే చేయాలి, ఎందుకంటే వందల ప్రతులు అవసరమవుతాయి. ఖరీదైన స్టాంపు ఒకే ఒక ప్రతి ఉన్నవాడికి పోల్చి చూసే అవకాశమే ఉండదు.

తపాలా ముద్రలు ఇంకొక అధ్యాయం. దేశం కొత్తది, స్టాంపు కొత్తది, కానీ పోస్టాఫీసులో ముద్ర మాత్రం పాత సామ్రాజ్యపుది. చెక్ ప్రాంతాలైన బొహీమియా, మొరావియాలలో ఊరి పేరు జర్మనులోనూ చెక్ భాషలోనూ పక్కపక్కన ఉన్న పాత ముద్రలనే వాడారు. కొన్నిచోట్ల ఆ జర్మను పేరును ముద్రలోంచి గీకి తీసేయించారు, అక్కడ ఒక ఖాళీ వంపు మాత్రం మిగిలింది. స్లోవేకియాలో హంగరీ కాలపు ముద్రలు సాగాయి. నా దగ్గరున్న ఒక హ్రాడ్చానీ స్టాంపు మీద ముద్ర సగమే పడింది. అందులో ‘పొజో’ అన్న అక్షరాలు, కింద తేదీలో ముందు సంవత్సరం, తరువాత నెల కనిపిస్తాయి. అలా సంవత్సరం ముందు రాయడం హంగరీ పద్ధతి. ఆ ఊరు పొజోనీ, అంటే 1919లో బ్రాటిస్లావా అని పేరు మారిన నగరమే. స్టాంపుకు కేటలాగులో కనీస ధర, దాని మీదున్న ముద్ర సగం చెరిగినది, అయినా కొత్త ప్రభుత్వం స్టాంపు మార్చినంత త్వరగా ముద్ర మార్చలేకపోయిన ఆ కొద్ది నెలలు అందులో స్పష్టంగా చదువుకోవచ్చు. ఇలాంటివాటికి ఎవరూ నకిలీ చేయరు, చేసినా గిట్టుబాటు కాదు.

నకిలీల బెడద ఈ దేశానికీ లేకపోలేదు. ‘పోష్టా చెస్కోస్లొవెన్స్కా 1919’ (చెకోస్లోవేకియా తపాలా 1919) అని ఆస్ట్రియా, హంగరీ స్టాంపుల మీద వేసిన ఓవర్‌ప్రింట్లలో కొన్ని ప్రపంచంలోనే పేరుమోసిన అరుదైనవి, నకిలీలకు కూడా అంతే పేరు. వాటికి నా ఆల్బంలో పేజీ వేయలేదు. అరుదైన పెర్ఫరేషన్లను కూడా ధ్రువపత్రం లేకుండా కొనను. పెర్ఫరేషన్ ఉన్నదాన్ని కత్తిరించి లేనిదిగా అమ్మేవారూ ఉన్నారు కాబట్టి, పెర్ఫరేషన్ లేని స్టాంపు కొనేటప్పుడు నాలుగు వైపులా అంచు ధారాళంగా ఉందో లేదో చూసుకుంటే చాలు. ఈ మూడు జాగ్రత్తలు తీసుకున్నవాడికి మిగతా దేశంలో భయపడవలసింది చాలా తక్కువ.

1920 తరువాత కథ మారుతుంది. మాక్స్ ష్వాబిన్‌స్కీ గీసిన అధ్యక్షుడు మసారిక్ బొమ్మతో మొదలై, ఆ దశాబ్దం నడిమికి ఉక్కు ఫలకం మీద చెక్కి అచ్చువేసే పద్ధతి వస్తుంది. కారెల్ సైజింగర్, బొహుమిల్ హైంజ్, యుద్ధం తరువాత యిండ్ర ష్మిట్, యోసెఫ్ హెర్చీక్ వంటి చెక్కడపు కళాకారుల పేర్లు అక్కడి సేకరణకర్తలకు కంఠస్థం. చాలా స్టాంపుల కింది అంచున ఎడమవైపు గీసినవారి పేరు, కుడివైపు చెక్కినవారి పేరు అతి సన్నని అక్షరాల్లో ఉంటాయి. ఏటవాలుగా టార్చి వెలుగు పడేటట్టు పెట్టి చూస్తే సిరా కాగితం మీద గట్టులా లేచి కనిపిస్తుంది. ముఖంలోని నీడ అంతా గీతలూ చుక్కలే, నీడ ఒత్తుగా ఉన్నచోట గీతలు అడ్డంగానూ నిలువుగానూ కలుసుకుంటాయి, బుగ్గ మీదికి వచ్చేసరికి గీత తెగి చుక్కలవుతుంది. 1961లో ష్వాబిన్‌స్కీ తన చివరి రోజుల్లో గీసిన తొమ్మిది సీతాకోకచిలుకల సెట్టు, 1966 నుంచి నాలుగేసి స్టాంపుల చిన్న షీట్లుగా వచ్చిన చిత్రకళా వరస ఈ పనితనానికి శిఖరాలు. అయితే నా అభిప్రాయంలో, చిన్న విలువల రోజువారీ స్టాంపుల్లో ఒకే రంగుతో చెక్కిన భవనాలు, ముఖాలు ఈ రంగురంగుల షీట్లకంటే మెరుగ్గా ఉంటాయి. చవకవి కూడా అవే.

యుద్ధం తరువాతి స్టాంపుల్లో సగానికి పైగా మార్కెట్లో కనిపించేవి ఉత్తరాల మీద వాడినవి కావు. సేకరణకర్తలకు అమ్మడం కోసం మూలన చక్కగా ముద్ర కొట్టి, వెనుక జిగురుతో సహా అమ్మినవి. వీటిని చిన్నచూపు చూసేవారు ఉన్నారు. నేను వాటిని కొంటాను, కానీ రాగానే నీళ్లలో నానబెట్టి జిగురు తీసేస్తాను. ముద్ర పడిన స్టాంపుకు జిగురు వల్ల విలువ పెరగదు, మన వాతావరణంలో ఉంచుకుంటే కీడే. కొన్ని రంగులు నీటికి కరగవచ్చు కాబట్టి ముందు డూప్లికేటు మీద పరీక్షించి, తరువాత బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి బరువు వేసి ఆరబెడతాను. నిజమైన ఉత్తరం మీద తిరిగిన ప్రతి దొరికినప్పుడు దీన్ని తీసి దాన్ని పెడతాను. ఈ మార్పిడి పని ఎన్నాళ్లయినా సాగుతుంది.

కొనుగోలు విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. విడి స్టాంపులు అసలు కొనను. పాత సేకరణలు విడగొట్టి అమ్మేవారి దగ్గర స్టాక్‌బుక్‌గానో, కాగితం మీద అతికి ఉన్న కట్టగానో వచ్చినప్పుడే తీసుకుంటాను. విదేశం నుంచి తెప్పిస్తే రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు చాలాసార్లు స్టాంపుల ధరను మించిపోతుంది. కాబట్టి ఒకే అమ్మకందారు దగ్గర రెండు మూడు నెలల బడ్జెట్ పోగుచేసి ఒక్కసారే పంపమంటాను. మన దేశంలోని అమ్మకందారులు ఈ దేశాన్ని పెద్దగా పట్టించుకోరు, ‘తూర్పు యూరపు’ అని రాసిన పెట్టెలో కలిపేస్తారు. ఆ పెట్టె ముందు కూర్చుని ఏరుకోనిచ్చే అమ్మకందారు దొరికితే ఆ ఆదివారం సఫలమైనట్టే. గుర్తించడానికి మామూలు ప్రపంచ కేటలాగు పాత సంచిక చాలు. లోతుగా వెళ్లాలంటే చెక్ భాషలో వెలువడే పోఫిస్ కేటలాగు కావాలి. భాష రాకపోయినా బొమ్మలు, అంకెలు, గేజి కొలతలు అర్థమవుతాయి, రంగుల పేర్లు కొద్ది రోజుల్లో అలవాటవుతాయి.

1939 నుంచి 1945 వరకు జర్మన్ ఆక్రమణలో బొహీమియా-మొరావియా పేరుతోనూ, విడిపోయిన స్లోవేకియా పేరుతోనూ వచ్చిన స్టాంపులను వేరే ఆల్బంలో పెడుతున్నాను. ఆ సేకరణలు చిన్నవి, వాటిలోనూ చాలావరకు చవకే, చెక్కినవాటిలో కొన్ని అదే చేతులవి. ఇష్టమున్నవారు ఆ ఆరేళ్లను మాత్రమే తీసుకొని రెండేళ్లలో పూర్తిచేయవచ్చు.

ప్రస్తుతం నాకు కావలసినవి హ్రాడ్చానీ వరసలో అయిదు, పది, ఇరవై హలేరుల వాడిన ప్రతులు, ఎన్ని ఉన్నా సరే, ఊరి పేరు చదవగలిగేటట్టు ముద్ర పడినవైతే మరీ మంచిది. మార్పిడికి నా దగ్గర 1931 నాటి చార్మినారు అణా స్టాంపులు వాడినవి కొన్ని అదనంగా ఉన్నాయి. స్టాంపుకు స్టాంపు లెక్కన ఇవ్వగలను. పళ్లు విరిగినవి, పలచబడినవి మాత్రం పంపవద్దని మనవి, ఫలకం స్థానం గుర్తించడానికి అవి పనికివస్తాయి కానీ వాటిని మోసుకొచ్చే తపాలా ఖర్చుకు తగవు.